కట్టుకూ కత్తికీ నడుమ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల క్రీడా శాఖ మంత్రులకు, రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థల బాధ్యులకు బహిరంగ లేఖ



బడి మైదానంలో ఒక పిల్లో పిల్లాడో కాలు మడతపడి కూలబడితే మన దగ్గర జరిగేది ఏళ్ల తరబడి ఒకటే. ఎవరో ఐసు ముక్కలు తెస్తారు, ఎవరో స్ప్రే కొడతారు, పీఈటీ సారు క్రేప్ బ్యాండేజ్ చుడతారు. వాపు మరీ ఎక్కువైతే ఎక్స్‌రే తీయిస్తారు. ఎముక విరగలేదు, బెణికిందంతే అని తెలిస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రెండు మూడు వారాల్లో వాపు దిగుతుంది, పిల్ల మళ్లీ కోర్టులోకి దిగుతుంది. కొన్నాళ్లకు అదే కాలు మళ్లీ మడతపడుతుంది, ఆ తర్వాత ఇంకోసారి. చివరికి అప్పో సప్పో చేసి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఎంఆర్‌ఐ తీసి, లిగమెంట్ తెగింది, ఆపరేషన్ చేయాలంటారు. అంటే కట్టు నుంచి నేరుగా కత్తి దగ్గరికి. ఈ రెంటి నడుమ ఒక మెట్టు ఉండాలి. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దగ్గరుండి కొన్ని వారాల పాటు చేయించే వ్యాయామ చికిత్స అది. మన పిల్లల్లో ఎక్కువ మందికి అందనిది అదే. ఆ మెట్టు కట్టించమని అడగడానికే ఈ లేఖ. ఆపరేషన్‌కు నేను వ్యతిరేకిని కాను. సరైన కాలికి, సరైన సమయంలో చేస్తే అది మంచి ఆపరేషన్. ఆ సరైన కాలు ఏదో తేల్చేది మాత్రం ఆ మధ్య మెట్టేనన్నది నా వాదన.

చీలమండ బయటి గుబ్బ దగ్గర ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు మూడు. వాటిలో ముందున్నది అన్నిటికన్నా బలహీనమైనది. పాదం కిందికి వాలి లోపలికి తిరిగిపోయినప్పుడు లాగుడంతా దాని మీదే పడుతుంది కాబట్టి మొదట తెగేదీ అదే. దెబ్బ గట్టిదైతే మడమ ఎముకకు దిగే రెండోది కూడా తెగుతుంది. వెనకున్న మూడోది తెగడం అరుదు. వాలీబాల్‌లో బ్లాకుకు ఎగిరి నెట్ కింద అవతలివాళ్ల పాదం మీద దిగినప్పుడు, కబడ్డీలో రైడర్ గీత వైపు మళ్లుతుండగా కార్నర్ డిఫెండర్ చీలమండ ఒడిసిపట్టినప్పుడు, ఖోఖోలో స్తంభం దగ్గర ఒంటికాలి మీద గిరుక్కున తిరిగినప్పుడు తెగేవి ఇవే. తెగిన లిగమెంటు చాలా సందర్భాల్లో ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. అయితే లిగమెంటు చేసే పని ఎముకలను కట్టి ఉంచడంతో అయిపోదు. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు క్షణక్షణం చేరవేసే నరాల కొసలు అందులో ఉంటాయి. గాయంతో అవీ దెబ్బతింటాయి. దాంతో పాదం మెలిక పడబోతున్నప్పుడు దాన్ని వెనక్కి లాగాల్సిన పిక్క బయటి వైపు కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి. ఆ ఆలస్యం సెకనులో చిన్న వంతే, కానీ పాదం మడతపడడానికి ఆ మాత్రం చాలు.

కాబట్టి కాలు మళ్లీ మళ్లీ మడతపడడానికి కారణాలు రెండు. మొదటిది కీలు నిజంగానే వదులైపోవడం. డాక్టరు ఒక చేత్తో చీలమండకు పైన కాలిని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మడమను ముందుకు లాగుతారు. లిగమెంటు బిగువుగా ఉంటే పాదం కొంచెం కదిలి ఆగిపోతుంది. తెగి సాగిపోయి ఉంటే ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు జారుతుంది, చర్మం మీద చిన్న గుంట కూడా పడుతుంది. రెండో కాలితో పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇక రెండో కారణం, కీలు బిగువుగానే ఉన్నా దాని మీద అదుపు తప్పడం. అలాంటి పిల్లను గాయపడిన కాలి మీద కళ్లు మూసుకుని నిలబడమంటే కొద్ది సెకన్లకే తూలిపోతుంది. చాలా మందిలో ఈ రెండూ ఎంతో కొంత కలిసే ఉంటాయి. ఆపరేషన్ సరిచేసేది మొదటిదాన్ని. రెండోదాన్ని సరిచేసేది వ్యాయామమే. ఎంఆర్‌ఐ బొమ్మలో లిగమెంటు కనిపిస్తుంది గానీ అదుపు కనిపించదు. బొమ్మ చూసి ఆపరేషన్ నిర్ణయించడం ప్రమాదకరం అయ్యేది అందుకే.

వ్యాయామం అనగానే కాలక్షేపపు సలహా అనుకునేవాళ్లు ఉన్నారు. కానీ దాని బలం లెక్కలతో సహా తేలిన విషయం. నెదర్లాండ్స్‌లో చీలమండ బెణికిన 522 మంది క్రీడాకారులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మామూలు చికిత్సతో పాటు ఇంట్లోనే ఎనిమిది వారాలు ఒంటికాలి నిలకడ వ్యాయామాలు చేయించారు. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు ఆ జట్టులో 22 శాతం, రెండో జట్టులో 33 శాతం. ఈ ఫలితాలు 2009లో వచ్చాయి. అంతకు ముందే, 2006లో, అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే 765 మంది హైస్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇలాంటి వ్యాయామాలు చేసినవాళ్లలో 6.1 శాతం మందికి, చేయనివాళ్లలో 9.9 శాతం మందికి చీలమండ బెణికింది. ఈ రెండో లెక్క మన బడులకు మరీ దగ్గరిది. అక్కడ వాడింది ఖరీదైన యంత్రాలు కాదు, నేల, నిలబడితే ఊగే ఒక వాబుల్ బోర్డు, కొన్ని నిమిషాల సమయం.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. తెగిన లిగమెంటు కొసలనే దగ్గరికి తెచ్చి కుట్టే పద్ధతిని స్వీడన్ సర్జన్ లెన్నార్ట్ బ్రోస్ట్రోమ్ 1966లో వివరించారు. అంతకు ముందు పక్కనున్న స్నాయువును కోసి తెచ్చి లిగమెంటుగా మలిచేవారు. దానివల్ల కీలు గట్టిపడేది, కానీ బిగుసుకుపోయేది, పాదాన్ని కాపాడాల్సిన కండరం బలం కూడా తగ్గేది. 1980లో గూల్డ్ అనే సర్జన్ బ్రోస్ట్రోమ్ కుట్టు మీదికి పక్కనున్న పట్టీలాంటి పొరను లాగి కుట్టి దాన్ని మరింత బలపరిచారు. ఈ రోజుకూ ప్రపంచమంతా ముందుగా ఎంచుకునే పద్ధతి ఇదే. గుబ్బ ముందు చిన్న కోత పెట్టి, సాగిన లిగమెంటును బిగించి, చిన్న యాంకర్లతో ఎముకకు కుడతారు. ఇప్పుడు కొన్నిచోట్ల కీహోల్ పద్ధతిలోనూ చేస్తున్నారు, దన్నుగా గట్టి టేపు కూడా వేస్తున్నారు. మొదట కొన్ని వారాలు పిండికట్టో బూటో, ఆ తర్వాత కదలికలు, ఆపై బలం, నిలకడ, పరుగు, గెంతు. ఆటకు చేరడానికి సాధారణంగా మూడు నాలుగు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. కుట్టు ఎంత బాగా పడినా ఈ నెలల పని జరగకపోతే కాలు నడకకు పనికొస్తుంది, ఆటకు పనికిరాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న 38 మంది క్రీడాకారులను సుమారు తొమ్మిదేళ్ల తర్వాత చూస్తే, 22 మంది మునుపటి స్థాయిలోనే ఆడుతున్నారు. మిగతావాళ్లు స్థాయి తగ్గించుకున్నారు లేదా పోటీ ఆటలు మానుకున్నారు. ఇది చెడ్డ ఫలితమేం కాదు. కానీ ఆపరేషన్ అయితే చాలు, అంతా మామూలైపోతుందని నమ్మే తల్లిదండ్రులకు ఎవరో ఒకరు ముందే చెప్పాల్సిన ఫలితం.

మొదటిసారి తెగినప్పుడే కుట్టేస్తే ఈ బాధంతా తప్పుతుంది కదా అని అడుగుతారు. బలమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతికిన ఒక అధ్యయనం ఫిన్లాండ్‌లో సైనిక సేవలో ఉన్న యువకుల మీద జరిగింది. లిగమెంట్లు పూర్తిగా తెగిన 51 మందిలో కొందరికి వెంటనే ఆపరేషన్, మిగిలినవాళ్లకు ఆపరేషన్ లేకుండా పట్టీతో చికిత్స. సుమారు పద్నాలుగేళ్ల తర్వాత తిరిగి పరీక్షకు వచ్చింది 33 మంది. రెండు జట్లవాళ్లూ గాయానికి ముందున్న చురుకుదనానికి చేరుకున్నారు. మళ్లీ బెణికినవాళ్లు ఆపరేషన్ జట్టులో 15 మందిలో ఒక్కరే, పట్టీ జట్టులో 18 మందిలో ఏడుగురు. ఇక్కడితో ఆపితే ఆపరేషన్ గెలిచినట్టే. కానీ కీలు అరుగుదల ఎంఆర్‌ఐలో స్పష్టంగా కనిపించినవాళ్లు ఆపరేషన్ జట్టులో నలుగురు, రెండో జట్టులో ఒక్కరూ లేరు. 2010లో అచ్చయిన ఈ అధ్యయనం చిన్నదే, దీనితో చర్చ ముగిసిందని అనను. నెదర్లాండ్స్‌లో 2003లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తొలి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు తర్వాతి ఇబ్బందులు కొంత తగ్గాయి. ఇవన్నీ కలిపి చూస్తే నాకు అర్థమైనది ఇంత: తొలి గాయానికే అందరినీ కోయడానికి తగినంత ఆధారం లేదు, పైగా వ్యాయామం ఫలించకపోతే తర్వాత కుట్టినా ఫలితం బాగానే ఉంటుంది. మొదట కోసేస్తే మాత్రం, అసలు అవసరమే లేని పిల్లల కాళ్ల మీద కూడా మచ్చ, ఇన్ఫెక్షన్ భయం, పాదం పైభాగంలో తిమ్మిరి మిగిల్చే నరం దెబ్బ, కీలు బిగుసుకుపోవడం లాంటి ప్రమాదాలు మోపినట్టు అవుతుంది.

బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్లందరికీ తెలిసిన అమెరికా ఆటగాడు స్టీఫెన్ కర్రీ కథ ఈ విషయంలో చాలా నేర్పుతుంది. కుడి చీలమండ పదే పదే బెణుకుతుంటే 2011లో, 23 ఏళ్ల వయసులో, లిగమెంట్ల ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాతి సీజన్‌లోనూ కాలు మడతపడుతూనే ఉంది, 26 మ్యాచులే ఆడగలిగాడు. 2012 ఏప్రిల్‌లో మళ్లీ కీలు తెరిచి చూస్తే లిగమెంట్లు బాగానే ఉన్నాయి. పేరుకున్న మచ్చ కణజాలాన్ని మాత్రం శుభ్రం చేశారు. ఆ తర్వాత అతని జట్టు శిక్షకులు దృష్టి పెట్టింది చీలమండ మీద కాదు, తుంటి మీద. దిశ మార్చేటప్పుడు భారం చీలమండ మీద పడకుండా తుంటి, నడుము కండరాలు మోసేలా ఏళ్ల తరబడి సాధన చేయించారు, చీలమండకు పట్టీలు వాడించారు. ఆ రెండో ఆపరేషన్ తర్వాతి సీజన్‌లోనే అతను 78 మ్యాచులు ఆడాడు. మిగిలినదంతా చరిత్ర. ఆపరేషన్ వృథా అని దీనర్థం కాదు, ఆపరేషన్ ఒక్కటే చాలలేదని అర్థం. మన క్రికెటర్ హార్దిక్ పాండ్యా 2023 ప్రపంచ కప్‌లో, అక్టోబరు 19న పుణేలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో ఎడమ చీలమండ గాయంతో కుప్పకూలాడు. ఆపరేషన్ లేకుండానే, నెలల పాటు సాగిన పునరావాసంతో ఐపీఎల్‌కు తిరిగొచ్చాడు. 2024 జూన్ 29న టీ20 ప్రపంచ కప్ ఫైనల్‌లో చివరి ఓవర్ వేసింది అతనే. అలాంటివాళ్ల వెనక రోజంతా ఫిజియో బృందాలు ఉంటాయి, మన కబడ్డీ పిల్లకు ఎవరున్నారని అడగొచ్చు. నేను అడుగుతున్నదీ సరిగ్గా అదే.

పిల్లల విషయంలో జాగ్రత్త ఇంకో రెండింతలు అవసరం. ఎదిగే వయసులో ఎముక కొసల్లో ఎదుగుదల పొర తెరిచి ఉంటుంది. యాంకర్ వేసేటప్పుడు దాన్ని తప్పించాలి, కాబట్టి పిల్లల ఎముకల మీద అనుభవం ఉన్న చెయ్యి కావాలి. ఎక్స్‌రే బాగుంది అంటే ఏమీ కాలేదని కాదు. కెనడాలో చీలమండ గుబ్బ దగ్గర నొప్పితో వచ్చి, ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనిపించని 135 మంది పిల్లలకు ఎంఆర్‌ఐ తీస్తే, 80 శాతం మందిలో దెబ్బ తగిలింది లిగమెంటుకే అని 2016లో తేలింది. మళ్లీ మళ్లీ బెణికే కాలి వెనక వేరే కారణం దాగి ఉండొచ్చు కూడా. పుట్టుకతో పాదంలోని రెండు ఎముకలు కలిసిపోయి ఉండడం, మడమ లోపలికి వాలి ఉండడం, కీలులో మృదులాస్థి ముక్క ఊడి ఉండడం లాంటివి. మడమ వాలు సరిచేయకుండా లిగమెంటు కుడితే ఆ కుట్టు నిలవడం కష్టం. ఒళ్లంతా కీళ్లు వదులుగా ఉండే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మన జట్లలో తక్కువేం కాదు. వాళ్ల సొంత కణజాలమే సాగే గుణం ఉన్నది కాబట్టి మామూలు కుట్టు వాళ్లకు చాలకపోవచ్చు. ఇవన్నీ పట్టుకోవాలంటే ఆ పిల్ల కాలిని ఒక నిపుణుడు వారం వారం చూస్తూ ఉండాలి. ఒక్క ఎంఆర్‌ఐ, ఒక్క పది నిమిషాల ఓపీ సరిపోవు.

కోచ్‌లూ తల్లిదండ్రులూ చెప్పే అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్స్ ఏడాదికోసారే వస్తాయి. స్పోర్ట్స్ కోటా సీటు, ఉద్యోగం ఆ సర్టిఫికెట్ మీదే ఆధారపడి ఉంటాయి. మూడు నెలలు వ్యాయామం చేస్తూ కూర్చోమంటే ఆ పిల్ల భవిష్యత్తు ఏంకావాలి? నిజమే. కానీ ఆపరేషన్ చేయించుకున్నా అంతే కాలం బయట కూర్చోవాలి, సమయం కలిసొచ్చేదేమీ లేదు. ఏ చికిత్సా లేకుండా క్రేప్ బ్యాండేజ్‌తో కోర్టులోకి దించడమే అన్నిటికన్నా ఖరీదైన తొందరపాటు. మరో భయం, ఆలస్యం చేస్తే కీలు అరుగుతుందేమోనని. వదులు కీలుతో ఏళ్ల తరబడి ఆడితే నిజంగానే అరుగుతుంది. నేను అడుగుతున్నది గడువున్న వ్యాయామం, గడువులేని ఎదురుచూపు కాదు. మూడు నెలలు క్రమం తప్పకుండా చేయించాక కూడా కాలు తడబడుతుంటే, పరీక్షలో వదులు స్పష్టంగా ఉంటే, అప్పుడు ఆపరేషన్ వాయిదా వేయడం తప్పు. ఆ పిల్లను వెంటనే సర్జన్ దగ్గరికి పంపాలి. ఎముక ముక్క ఊడినా, కీలు తొలగినా, మృదులాస్థి దెబ్బతిన్నా అసలు మూడు నెలల మాటే లేదు. అలాగే నాటు వైద్యులు వేసే పుత్తూరు కట్టు మీద నమ్మకంతో వెళ్లేవాళ్లకు ఒక మాట. తీవ్రమైన బెణుకుకు మొదటి కొద్ది రోజులు కాలిని కదలనీయకపోవడం మంచిదే. వారాల తరబడి కట్టులో బిగించి ఉంచితే మాత్రం కండరం కరిగిపోతుంది, నిలకడ ఇంకా పోతుంది.

డబ్బు లేదనడానికి వీల్లేదు. ఒక సింథటిక్ ట్రాక్‌కూ ఇండోర్ స్టేడియానికీ కోట్లు వెచ్చిస్తున్నప్పుడు ఒక ఫిజియోథెరపిస్టు జీతం ఏపాటిది? మన ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లినవి. ఆపరేషన్ ఒక రోజు పని కాబట్టి దానికి లెక్క కట్టడం తేలిక, పన్నెండు వారాల వ్యాయామానికి లెక్క కట్టడం ఎవరూ నేర్చుకోలేదు. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాలలు ఉన్నాయి, ప్రైవేటులో ఇంకా చాలా ఉన్నాయి. వాటి నుంచి ఏటా బయటికొచ్చే యువత ఉద్యోగాల కోసం వెతుక్కుంటున్నారు. వాళ్ల ఇంటర్న్‌షిప్‌లో ఒక భాగాన్ని క్రీడా పాఠశాలల్లో, గురుకులాల్లో చేయించడానికి కొత్త భవనం అక్కర్లేదు.

అందుకని అడుగుతున్నాను. హకీంపేట, కడప క్రీడా పాఠశాలలు మొదలుకుని ప్రతి ప్రభుత్వ క్రీడా పాఠశాలలో, అకాడమీలో, ప్రతి జిల్లా కేంద్రంలోని క్రీడా ప్రాధికార సంస్థ కార్యాలయంలో పూర్తికాల ఫిజియోథెరపిస్టు పోస్టు మంజూరు చేయండి. హకీంపేటలో పిల్లలు నాలుగో తరగతిలోనే చేరతారు. ఆనాటి నుంచి ప్రతి గాయాన్నీ రాసే రిజిస్టరు పెట్టించండి, ఎన్ని కాళ్లు ఎన్నిసార్లు బెణుకుతున్నాయో తెలియకుండా ఏ పథకమూ వేయలేం. రోజువారీ వార్మప్‌లో పది నిమిషాలు ఒంటికాలి నిలకడకు కేటాయించమని పీఈటీలకు ఉత్తర్వు ఇవ్వండి, ఇంట్లో చేసుకోమంటే పిల్లలు చేయరన్న మాట అప్పుడు ఉండదు. ఒకసారి బెణికిన పిల్లకు లేసులు కట్టుకునే చీలమండ పట్టీ ఇవ్వండి. అమెరికా హైస్కూలు బాస్కెట్‌బాల్ పిల్లల్లో అది గాయాలను మూడో వంతుకు తగ్గించిందని 2011లో తేలింది. దెబ్బ తగిలాక నాలుగడుగులు వేయలేకపోతే, గుబ్బ ఎముక వెనక అంచున నొక్కితే నొప్పి పుడితే ఎక్స్‌రేకు పంపాలన్న సులువైన నియమాన్ని ప్రతి ఫిజికల్ డైరెక్టరుకీ నేర్పించండి.

పద్దెనిమిదేళ్లలోపు క్రీడాకారుల లిగమెంట్ ఆపరేషన్‌కు ప్రభుత్వ నిధి ఖర్చు చేసే ముందు, పైన చెప్పిన అత్యవసర సందర్భాలు మినహా, మూడు నెలల వ్యాయామ చికిత్స రికార్డు తప్పనిసరి చేయండి. ఆ రికార్డు ఉండి కూడా కాలు నిలవని పిల్లకు ఆపరేషన్ ఉచితంగా, ఆలస్యం లేకుండా జరగాలి. కుట్టిన రోజుతో ప్యాకేజీ ముగియకూడదు, ఆ పిల్ల తిరిగి ఆటలో దిగే రోజు వరకూ అయ్యే ఫిజియోథెరపీ అదే ప్యాకేజీలో ఉండాలి. చికిత్సలో ఉన్న ఏడాది క్రీడా పాఠశాలలో ఆమె సీటు పోకూడదు, సెలక్షన్స్‌కు మరో అవకాశం ఉండాలి. ఈ భరోసా లేకపోతే పిల్లలు నొప్పిని దాచుకుని ఆడతారు, ఇప్పుడు చాలా మంది చేస్తున్నది అదే.

ఈ పోస్టులకు, ఈ ఉత్తర్వులకు చట్టసభలో కొత్త బిల్లు అక్కర్లేదు, ప్రభుత్వ జీవో చాలు. వచ్చే విద్యా సంవత్సరం సెలక్షన్స్ మొదలయ్యేలోగా ఆ జీవో తీసుకురండి.